కృష్ణమోహన్ తుమ్మిన ఆఖరి మలుపు

రండి రండి, ఇలా ముందుకి జరగండి. వెనక నిలబడ్డవాళ్ళు ఆ మడత కుర్చీలు లాక్కుని కూర్చోండి. ఫోన్లు బోర్లా పెట్టేయండి. గ్రీన్ కార్డు డేట్లు రేపు కూడా అక్కడే ఉంటాయి, ఎక్కడికీ కదలవు, వాటి గురించి తర్వాత మాట్లాడుకోవచ్చు. ఆ మూల గుసగుసలు కూడా ఆపేస్తే మొదలుపెడదాం. ఒకటే షరతు. కథ అయ్యేదాకా ఎవరూ తుమ్మకూడదు. ఎందుకో మీకే తెలుస్తుంది.

మిషిగన్‌లో ఫార్మింగ్టన్ హిల్స్ అనే ఊళ్ళో కృష్ణమోహన్ అని ఒకాయన ఉన్నాడు. కార్ల కంపెనీలో బ్రేకులు పరీక్షించే ఇంజినీరు. ఆయన పరీక్షించి పంపిన బ్రేకు తొక్కితే కారు ఒక్కటే ఆగదు, పక్క లేన్లో పోతున్న కారు కూడా మర్యాదకి ఆగుతుందని పేరు. అలాంటి మనిషికి పుట్టిన కూతురికి మాత్రం బ్రేకుల్లేవు.

ఆ పిల్ల పేరు భవిత. నడక నేర్చుకోకుండానే పరుగెత్తింది. ఎంత వేగంగా పరుగెత్తేదంటే, నీడ వెనకబడిపోయి, తర్వాత ఎప్పుడో వాళ్ళ కాలనీ ఎక్కడో దారి అడుక్కుంటూ ఇంటికి చేరేది.

చిన్నప్పుడు ఎవరో ఫ్రెండ్ వాళ్ళబ్బాయి బర్త్‌డే గో-కార్ట్ సెంటర్లో చేశారు. అంకుళ్ళందరూ సరదాగా ఎక్కారు. పెడల్ కాలికి అందీ అందని భవిత కూడా ఎక్కింది. ఎక్కి, అంకుళ్ళందరినీ ఒక్కొక్కరినే దాటేసింది. వాళ్ళలో వీరభద్రరావు అనే ఆయన ఇప్పటికీ ఆ సంగతి వేరేగా చెప్తాడు. "నేనే ఫస్టండీ. ఆ పిల్ల చివరిదాకా నా వెనకే వచ్చింది" అంటాడు. వెనక వచ్చిన మాట నిజమే. అప్పటికే ఒకసారి దాటేసి, చుట్టు తిరిగొచ్చి రెండోసారి దాటబోతోంది పాపం.

అలా మొదలైంది. ముందు గో-కార్టులు. తర్వాత పాత నాలుగు సిలిండర్ల కార్లు గుద్దుకుంటూ తిరిగే చిన్న ట్రాకులు. వాటికోసం గుడి నోటీసు బోర్డు మీద అమ్మకానికి పెట్టిన ముసలి సెడాన్ ఒకటి కొన్నారు. డాష్‌బోర్డు మీద వినాయకుడు అతుక్కుని ఊడిరాకపోతే ఆయన్ని కూడా రేసుకి తీసుకెళ్ళారు. తర్వాత ఒక మెట్టు పైన, అచ్చంగా రేసు కోసమే గొట్టాలతో కట్టే స్టాక్ కారు. అది ఇంటి గరాజ్‌లోనే తయారైంది. ఆ శీతాకాలమంతా భవిత తల్లి విద్య కారు బయట మంచులో నిలబడింది. పొద్దున్నే అద్దం మీద మంచు గీకుతూ విద్య అనే మాటలు వింటే ఆ మంచు దానంతటదే కరిగిపోయేది.

పిల్ల గెలుస్తోంది. అందులో అనుమానం లేదు. కానీ గెలిచిన ప్రతి రేసుకీ ఒక రేసులో కారు ముక్కలు చేసుకొస్తోంది. ముందు రెండు కార్ల మధ్య చేతి వెడల్పు సందు కనిపించినా సరే, దూరిపోవాల్సిందే. గరాజ్‌లో వంగిపోయిన బంపర్లు ఎంత ఎత్తు పేరుకున్నాయంటే, వాటి మీద నిలబడితే కెనడా కనిపించేది.

కృష్ణమోహనే ఆమెకి స్పాటర్. అంటే ఏమిటో చెప్తాను. హెల్మెట్ పెట్టి, మెడ కదలకుండా పట్టీలు బిగించాక డ్రైవర్‌కి పక్కన ఏముందో కనిపించదు. ట్రాక్ పక్కన ఎత్తుగా ఒక మంచె కడతారు. దానిమీద ప్రతి టీమ్‌కీ ఒక మనిషి నిలబడి, ఎడమ పక్క కారుంది, దాటేశావు, జాగ్రత్త అని రేడియోలో చెప్తుంటాడు. అవతలి టీములు చాటుగా వింటాయని తండ్రీకూతుళ్ళు తెలుగులోనే మాట్లాడుకునేవాళ్ళు. కృష్ణమోహన్ ఆ రేడియోలో అన్ని మాటల కన్నా ఎక్కువసార్లు అన్న మాట "వద్దు". భవిత అసలు వినని మాట కూడా అదే.

పెద్ద రేసుల సిరీస్‌లో కార్లు నడిపించే హుక్‌స్ట్రా అనే ముసలాయన ఒకడున్నాడు. వచ్చే ఏడాదికి తన టీమ్‌లో ఒక డ్రైవర్ సీటు ఖాళీ. ఆ సీటు దొరికితే భవిత ఒక్క గెంతులో పై మెట్టు మీద ఉన్నట్టే. ఆయన ఒక సోమవారం పొద్దున ఫోన్ చేసి కృష్ణమోహన్‌తో ఉన్నమాట చెప్పేశాడు. ఫాస్ట్‌గా పోయే పిల్లలు తనకి ఊరినిండా దొరుకుతారట. కారుని కారులాగే తిరిగి తెచ్చేవాళ్ళు కావాలట. ఆదివారం రేసుకి వచ్చి చూస్తానన్నాడు.

ఆ మాట విని విద్య కూడా తన మాట తేల్చేసింది.

"ఇవాళ్టికి నేనేమీ అనను. ఆదివారం కారు బాగా తిరిగొస్తే ఆ హుక్‌స్ట్రా గారి దగ్గరకి వెళ్ళు. ముక్కలైతే మాత్రం హెల్మెట్ అటక మీదకి వెళ్తుంది, నువ్వు కాలేజీకి వెళ్తావు."

"అమ్మా, దట్స్ నాట్ ఫెయిర్. ఎవరైనా నన్ను హిట్ చేస్తే?"

"నువ్వు మధ్యలో దూరకపోతే ఎవరూ హిట్ చేయరు. నాన్నని అడుగు."

ఆయన భయం ఆయనది. పిల్ల ఆశ పోతుందని ఒక భయం, పిల్లకే ఏదైనా అవుతుందని ఇంకో భయం. రెండూ కలిపి ఆయన్ని వారమంతా నిద్రపోనివ్వలేదు.

ఇంట్లో ఇంకొకరున్నారు. కృష్ణమోహన్ తల్లి జ్ఞానప్రసూన. ఆ ఇంటికి సుప్రీంకోర్టు ఆవిడే. ఆవిడ చట్టాల్లో మొదటిది తుమ్ము. ఎవరైనా గడప దాటబోతుంటే ఇంట్లో ఒక్క తుమ్ము వినిపించిందా, అంతే. వెనక్కి రావాలి, కూర్చోవాలి, ఒక గుక్క మంచినీళ్ళు తాగాలి, అప్పుడు వెళ్ళాలి. వెంటనే రెండో తుమ్ము వస్తే మాత్రం మంచిది, ఆగక్కర్లేదు, దర్జాగా వెళ్ళొచ్చు. భవిత పాలపళ్ళ నాటి నుంచి ఈ చట్టం కిందే పెరిగింది. దీనివల్ల స్కూల్ బస్సు ఎన్నిసార్లు పోయిందో ఆ బస్సు డ్రైవర్‌నే అడగాలి. చివరికి ఆ డ్రైవరమ్మ కూడా వాళ్ళ వీధిలోకి వచ్చేముందు కాసేపు ఆగి, నీళ్ళు తాగి వచ్చేదట.

కృష్ణమోహన్‌కి ఈ చట్టం మీద నమ్మకం లేదు. ఇంజినీరు కదా. కానీ తల్లితో వాదించే ధైర్యం కూడా లేదు. ఇంజినీరైతే మాత్రం ఏంటి, కొడుకే కదా.

ఆదివారం వచ్చింది. జూన్ నెల. కాటన్‌వుడ్ చెట్ల దూది గాల్లో ఎగురుతూ, మిషిగన్ అంతా మళ్ళీ మంచు పడ్డట్టుంది. ఆ దూదీ, దానితో వచ్చే పుప్పొడీ కృష్ణమోహన్ ముక్కుకి పడవు.

"ఏవండీ, ఎలర్జీ టాబ్లెట్ వేసుకున్నారా?" విద్య పులిహోర డబ్బా సర్దుతూ అడిగింది.

"వేసుకుంటే నిద్రొస్తుంది. మంచె మీద నిలబడి కునుకు తీయమంటావా?"

కారు ట్రెయిలర్ మీదకి ఎక్కింది. అన్నీ కట్టారు. జ్ఞానప్రసూన టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించింది. విద్య నీళ్ళ చెంబుతో ఎదురు వచ్చింది. అందరూ ఎక్కి తలుపులు వేసుకుంటున్నారు. సరిగ్గా అప్పుడు కృష్ణమోహన్ ముక్కులో దురద మొదలైంది.

ఇప్పుడు తుమ్మితే అమ్మ ట్రెయిలర్‌తో సహా అందర్నీ దింపేస్తుంది. నీళ్ళంటుంది, కూర్చోమంటుంది. పైగా పిల్ల మనసులో అనుమానం పడుతుంది. అందుకని ఆయన ముక్కు రెండు వేళ్ళతో గట్టిగా పట్టుకున్నాడు. మొహం ఎర్రబడింది. చెవులు కదిలాయి. ఫ్రీవే ఎక్కేదాకా వదల్లేదు.

తుమ్ము ఆగింది. ఆగిందే కానీ పోలేదు. లోపలే ఒక మూల కూర్చుని బలం పుంజుకుంటోంది. మీరు మాత్రం ఆ సంగతి గుర్తుపెట్టుకోండి, ఆయన మర్చిపోయాడు.

ట్రాక్ లాన్సింగ్ దాటాక మొక్కజొన్న పొలాల మధ్య ఉంది. గుండ్రంగా, కొంచెం ఏటవాలుగా, పెద్ద మూకుడులా ఉంటుంది. చూసేవాళ్ళ గ్యాలరీలో ఒకవైపు మన జనమే. నానమ్మ చెవుల్లో దూది, దానిమీద హెడ్‌ఫోన్లు, దానిమీద శాలువా. పక్కన విద్య. వెనక వరసలో వీరభద్రరావు పులిహోర డబ్బా ఒళ్ళో పెట్టుకుని, ఎవరికీ అందించకుండా కాపలా కాస్తున్నాడు. ఇంకా పైన హుక్‌స్ట్రా, అందరి రేడియోలూ వినే స్కానర్ చెవికి పెట్టుకుని కూర్చున్నాడు. తెలుగు ఆయనకేం అర్థమవుతుంది? అయినా వింటున్నాడు.

పచ్చజెండా ఊపారు. భవిత పసుపు రంగు కారు మధ్యలో నుంచి మొదలై ఒక్కో కారునీ దాటుకుంటూ పైకి వచ్చింది. మంచె మీద కృష్ణమోహన్ గొంతు ఆగలేదు.

"కుడి పక్క కారుంది. ఉంది. ఉంది. దాటేశావ్."

"నాన్నా, టైర్లు బాగున్నాయి. ఐ కెన్ గో."

"ఓపిక పట్టమ్మా. కారు ఇంటికి రావాలి."

"తెలుసు నాన్నా. పొద్దున్నుంచి అందరూ అదే చెప్తున్నారు."

ఆశ్చర్యమేమిటంటే ఆ రోజు నిజంగానే ఓపిక పట్టింది. రేసంతా ఒక్క గీత పడకుండా మూడో స్థానంలోకి వచ్చింది. ముందు ఎర్రకారు, నీలంకారు పక్కపక్కనే, ఒకరినొకరు తోసుకుంటూ పోతున్నాయి. కృష్ణమోహన్ కొంచెం ఊపిరి పీల్చుకున్నాడు. మూడోది చాలు. కారు బాగుంది. పిల్ల బాగుంది. ఇంకొక్క రౌండు.

ఆ ఆఖరి రౌండులో, ఆఖరి మలుపులో, ఎర్రకారుకీ నీలంకారుకీ మధ్య సందు తెరుచుకుంది.

"నాన్నా, గ్యాప్ ఉంది. వెళ్తున్నా."

భవితకి కారులోంచి కనిపించేది సందు ఒక్కటే. పైనుంచి కృష్ణమోహన్‌కి ఇంకోటి కూడా కనిపించింది. ఎర్రకారు వెనక చక్రాలు జారుతున్నాయి. ఆ సందు దారి కాదు. మూసుకుపోబోతున్న లిఫ్టు తలుపు. పిల్ల దాని మధ్యలోకి పోతోంది. వద్దు అనాలి. ఇన్నేళ్ళలో ఎన్నోసార్లు అన్నాడు, ఒక్కసారీ వినలేదు. అయినా తండ్రి కదా, అనకుండా ఎలా ఉంటాడు? రేడియో బటన్ నొక్కాడు. నోరు తెరిచాడు.

అప్పుడొచ్చింది పొద్దున ఆపుకున్న తుమ్ము.

అది మామూలు తుమ్ము కాదు. మంచె ఊగింది. మొక్కజొన్న మొక్కలన్నీ ఒకేసారి వంగి దండం పెట్టాయి. గ్యాలరీలో టోపీలు లేచి వేరేవాళ్ళ తలల మీద వాలాయి, కొందరికి అవే బాగున్నాయి కూడా. నది అవతల కెనడాలో మేస్తున్న బాతులు, చలికాలం వచ్చేసిందనుకుని దక్షిణానికి బయల్దేరాయి. జెండా పట్టుకున్న మనిషి అలవాటు కొద్దీ "బ్లెస్ యూ" అన్నాడు. నమ్మకపోతే మానేయండి, ఆ జెండా మనిషి ఇంకా ఉన్నాడు, అడగండి.

కారులో ఏం జరిగిందో వినండి. "వద్దు" అంటే అయితే ఆ పిల్ల వినేది కాదు. ఇది తుమ్ము. ఆమె ఆలోచించలేదు, కాలే ఆలోచించింది. యాక్సిలరేటర్ మీద నుంచి దానంతటదే లేచింది. ఎలాగూ కూర్చునే ఉంది కాబట్టి కూర్చోవాల్సిన పని లేదు. హెల్మెట్‌లోకి వచ్చే నీళ్ళ గొట్టం నోటికి దొరికింది. ఒక గుక్క తాగింది.

ఆ గుక్క గొంతు దిగేలోపు సందు మూసుకుపోయింది. ఎర్రకారు జారి నీలంకారుని కొట్టింది. రెండూ కలిసి తిరిగాయి. తెల్లటి పొగ మలుపంతా కమ్మేసింది. భవిత తుమ్ము విననట్టు వెళ్ళి ఉంటే ఆ రెండిటి మధ్యా ఉండేది.

ఆ సంగతి కృష్ణమోహన్‌కి తెలియదు. ఆయనకి పొగ మాత్రమే కనిపిస్తోంది. పొగలో ఎరుపు ఒకసారి కనిపించింది, నీలం ఒకసారి కనిపించింది. పసుపు ఎక్కడా కనిపించలేదు. ఏదో చెప్పాలని బటన్ నొక్కాడు. కింద గ్యాలరీలో విద్య లేచి నిలబడింది. లేచిన సంగతి ఆమెకే తెలియదు. నానమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. మంచె మీద ఉన్న మిగతా స్పాటర్లు కూడా పొగలోకే చూస్తున్నారు. కృష్ణమోహన్ బటన్ నొక్కిపట్టుకునే ఉన్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళకో, ఆ పొగకో, ముక్కు మళ్ళీ కదిలింది.

రెండో తుమ్ము. ఇది చిన్నది. పిల్లి తుమ్మినట్టుంది.

పొగలోంచి పసుపు రంగు ముక్కు బయటికి వచ్చింది. తర్వాత బానెట్. తర్వాత కారంతా. తిరుగుతున్న రెండు కార్లనీ తప్పించుకుని, మలుపు లోపలి అంచు మీదుగా, తాపీగా, కూరగాయలకి వెళ్తున్నట్టు వచ్చి, రేసు ముగించే గళ్ళ జెండా కిందనుంచి అందరికన్నా ముందు దాటేసింది.

రేడియో చప్పుడు చేసింది.

"నాన్నా, రెండోది వచ్చింది కదా అని వెళ్ళా. ఓకే కదా?"

కృష్ణమోహన్ చొక్కా చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. "ఓకే అమ్మా."

"ఇంకోటి ఉంటే ఇప్పుడే చెప్పు నాన్నా. విక్టరీ రౌండు కొట్టాలి."

ఎర్రకారు కుర్రాడూ, నీలంకారు కుర్రాడూ దెబ్బ తగలకుండా బయటికి దిగి, తప్పు నీదంటే నీదని చేతులూపుకుంటున్నారు. అది చూశాక కృష్ణమోహన్ మంచె నిచ్చెన దిగాడు. చివరి మెట్టు దాకా వచ్చాడు. అక్కడే కూర్చుండిపోయాడు. ఎవరో నీళ్ళ సీసా ఇచ్చారు. ఒక గుక్క తాగాడు. తాగాక గుర్తొచ్చింది, తుమ్మాక చేయాల్సింది అదే కదా అని. ఆయనకే నవ్వొచ్చింది.

ఆయన వెళ్ళేసరికి విద్య కారు చుట్టూ తిరుగుతోంది. జ్వరం వచ్చిన పిల్లని తడిమినట్టు బంపర్నీ తలుపుల్నీ అరచేత్తో తడుముతోంది. భవిత హెల్మెట్ చంకలో పెట్టుకుని, తీర్పు కోసం చూస్తున్నట్టు నిలబడింది.

"ఒక్క సొట్ట కూడా లేదండీ" అంది విద్య, వారం రోజులుగా బిగబట్టిన ఊపిరి వదులుతూ. కూతుర్ని దగ్గరికి లాక్కుంది. "చెమట కంపు కొడుతున్నావే."

"అమ్మా, హెల్మెట్ అటక మీదకి వద్దు కదా?"

"వద్దులే. ముందు తల తుడుచుకో."

ఈలోపు హుక్‌స్ట్రా వచ్చాడు. కృష్ణమోహన్ చెయ్యి పట్టుకుని ఊపి, ఇంగ్లీషులో అడిగిందేమిటంటే, "నా జీవితమంతా ఈ రేడియోలు విన్నాను. ఇంత చిన్న ఆర్డరు, ఇంత తొందరగా పాటించిన డ్రైవర్ని చూడలేదు. ఆఖరి మలుపులో ఆ అమ్మాయికి ఏం చెప్పావు?"

కృష్ణమోహన్ ఇంజినీరు మర్యాద నిలబెట్టుకోవాలని చూశాడు. "అది ఒక రకమైన, అంటే, ఆడియో బ్రేకింగ్ సిస్టమ్" అన్నాడు.

"తుమ్మాడు" అంది భవిత. "మా నానమ్మ రూల్. ఒకటైతే ఆగాలి. రెండైతే వెళ్ళాలి."

అప్పటికి నానమ్మ శాలువా సర్దుకుంటూ చేరుకుంది. చెవుల్లో దూది ఇంకా తీయలేదు.

"ఒరే కృష్ణా, తుమ్మావట. ఎన్ని?"

"రెండమ్మా."

"రెండైతే మంచిదే." కొడుకు మొహంలోకి ఒకసారి చూసింది. "పొద్దున ముక్కు పట్టుకున్నప్పుడు నేను చూడలేదనుకున్నావా?"

హుక్‌స్ట్రాకి ఈ మాటలు కూడా భవిత ఇంగ్లీషులో చెప్పింది. ఆయన నవ్వలేదు. తల ఊపి, మంగళవారం తన షాపుకి రమ్మన్నాడు. సీటు కొలతలు తీసుకోవాలట. స్పాటర్ని కూడా తీసుకురమ్మన్నాడు. కాలేజీ సంగతేమిటని విద్య అడిగితే, రేసులు శని ఆదివారాలే, మిగతా రోజులు చదువుకోమనండి, నాకూ చదువుకున్న డ్రైవరే కావాలన్నాడు. వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి కృష్ణమోహన్‌కి వేలు చూపించి, ఎలర్జీ టాబ్లెట్లు మాత్రం వేసుకోవద్దన్నాడు.

కృష్ణమోహన్ పసుపు కారుకి చేరగిలబడి, వారం తర్వాత మొదటిసారి హాయిగా ఊపిరి పీల్చాడు. దూది ముక్కులోకి పోయింది. చుట్టూ ఉన్నవాళ్ళందరూ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. హుక్‌స్ట్రా కూడా ఒక కాలు గాల్లో పెట్టి నిలబడ్డాడు. తుమ్ము రాలేదు. అందరూ మళ్ళీ కదిలారు.

అప్పటిదాకా పక్కనే నిలబడి అంతా విన్న వీరభద్రరావు, పులిహోర డబ్బా మూత తీసి మొదటిసారిగా ఒకరికి అందించాడు. ఆ ఒకరు కృష్ణమోహన్. చెంచా కూడా ఆయనే వేసిచ్చి, గొంతు తగ్గించి అన్నాడు:

"మోహన్ గారూ, మావాడు స్టాప్ సైన్ దగ్గర ఆగడం లేదని డ్రైవింగ్ టెస్టులో మళ్ళీ ఫెయిల్ చేశారండీ. గురువారం ఇంకో టెస్టుంది. మీరు కొంచెం వీలు చేసుకుని వెనక సీట్లో కూర్చుని, స్టాప్ సైన్ వచ్చినప్పుడల్లా తుమ్ముతారా? దూది నేను తెస్తాను."